ఓడిపోయే జట్టుకి చప్పట్లెందుకు?

పిల్లలూ,

పోయిన నెల జోనల్ ఆటల పోటీలకి వెళ్లిన మన ఫుట్‌బాల్ జట్టు మొదటి రోజే 4–0 తేడాతో ఓడి తిరిగొచ్చింది. ఆ రాత్రి మెస్సులో జరిగింది మీ అందరికీ తెలుసు. జట్టు పిల్లలు ఒక మూల కూర్చుని తలొంచుకుని తింటుంటే, వెనక వరసలోంచి ఎవరో "వాళ్లకి నాలుగు చాల్లేదంట, ఇంకో నాలుగు వడ్డించండి" అన్నారు. మెస్సంతా నవ్వింది. నేనూ కొంచెం నవ్వాను. ఒప్పుకుంటున్నాను.

మర్నాడు ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు నన్ను అడిగాడు: "సార్, గెలిచినోళ్లకి చప్పట్లు కొడతాం గానీ, ఓడిపోయినోళ్లకి ఎందుకు కొట్టాలి?" ఇంతలో గంట కొట్టేశారు. జవాబు దొరక్క ఆ పూటకి నేను బతికిపోయాను. కానీ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అందుకే ఈ నెల గోడపత్రికలో వ్యాకరణం పాఠం పక్కనపెట్టి ఇది రాస్తున్నాను. రెండు షీట్లు నిండా వచ్చింది. నిలబడి చదవాలి కనక ఓపిక చేసుకోండి. పొట్టివాళ్లని ముందుకు రానివ్వండి.

ఇది ఆటగాడి కథ కాదు. ఆట చూసినవాడి కథ. ఆయన పేరు నిక్ హార్న్‌బీ. ఇంగ్లండు దేశస్థుడు, 1957లో పుట్టాడు. ఇప్పుడు పేరున్న రచయితే గానీ, ఈ కథ జరిగే నాటికి మామూలు మనిషి. కొన్నాళ్లు బళ్లో ఇంగ్లీషు పాఠాలు కూడా చెప్పాడు, నాలాగే. ఫుట్‌బాల్ గొప్పగా ఆడినవాడేమీ కాదు. ఆర్సెనల్ అనే జట్టు ఆడుతుంటే చూశాడు, అంతే. ఏళ్ల తరబడి, వందల ఆటలు చూశాడు. ఆ చూడటం గురించే 1992లో "ఫీవర్ పిచ్" అని పుస్తకం రాశాడు. అందులో ఒక్కో అధ్యాయానికి ఒక్కో మ్యాచి పేరు, తేదీ ఉంటాయి. మనం "ఆ ఏడు వరదలొచ్చాయే, అప్పుడు" అని లెక్క చెప్పుకున్నట్టు, ఆయన తన బతుకంతా మ్యాచిలతో లెక్క కట్టుకున్నాడు.

ఇక మొదటికొద్దాం.

నిక్‌కి 11 ఏళ్లప్పుడు అమ్మానాన్నలు విడిపోయారు. అబ్బాయి, చెల్లెలు, అమ్మ మెయిడెన్‌హెడ్ అనే ఊళ్లో ఉండిపోయారు. అది లండన్‌కి పడమట ఉన్న చిన్న పట్టణం. నాన్న వేరేచోటికి వెళ్లిపోయాడు. సెలవు రోజుల్లో వచ్చి పిల్లల్ని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లేవాడు. హోటల్లో భోజనం పెట్టించేవాడు. తండ్రీ కొడుకూ ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలిసేది కాదు.

ఇది చదివినప్పుడు నాకు మన చింతచెట్టు గుర్తొచ్చింది. ఆదివారం మీ నాన్నలు వస్తారు. చేతిసంచీలో ఉతికిన బట్టలు, సంతలో కొన్న మరమరాల పొట్లం. చెట్టు కింద కూర్చుంటారు. "బాగున్నావా?" "బాగున్నా." "తింటున్నావా?" "తింటున్నా." తర్వాత? ఆయన పుల్ల తీసుకుని నేల మీద గీతలు గీస్తుంటాడు. మీరు పొట్లం దారం చుట్టి విప్పుతుంటారు. ఇద్దరూ బస్సు వచ్చే దారి వైపు చూస్తుంటారు. ప్రేమ లేక కాదు. ఆయన పొలం సంగతులు మీకు పాతబడిపోయాయి, మీ బడి సంగతులు ఆయనకి కొత్త. మధ్యలో పెట్టుకుని మాట్లాడుకోడానికి ఒక వస్తువు లేదు. ఆ లండన్ తండ్రీ కొడుకులకీ అదే ఇబ్బంది.

అప్పుడు నాన్న ఒకరోజు "ఫుట్‌బాల్ చూద్దాం, వస్తావా?" అన్నాడు. 1968 సెప్టెంబరు 14, శనివారం. ఉత్తర లండన్‌లో హైబరీ అనే మైదానం. ఆర్సెనల్‌కీ స్టోక్ సిటీకీ ఆట.

ఆట అద్భుతంగా ఉందనుకుంటున్నారా? లేదు. ఒకే ఒక్క గోల్ పడింది, అదీ పెనాల్టీ మీద. స్టోక్ గోల్‌కీపరు గోర్డన్ బ్యాంక్స్. 1966లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టుకి గోల్ కాసిన మనిషి. ఆర్సెనల్ తరఫున టెర్రీ నీల్ కొట్టిన పెనాల్టీని బ్యాంక్స్ ఆపేశాడు. బంతి తిరిగొచ్చింది. దాన్ని నీల్ మళ్లీ తన్ని లోపల వేశాడు. 1–0. అంతే ఆట.

కుర్రాడు ఆటకన్నా ఎక్కువగా చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. పొగాకు వాసన. పెద్దపెద్దవాళ్లు గొంతు చించుకుని బూతులు తిట్టడం. అంతకన్నా వింత ఇంకోటుంది. డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన ఆ మగాళ్లలో సంతోషంగా ఉన్నవాళ్లు పెద్దగా కనపళ్లేదు. మొహాలు ముడుచుకుని, సొంత జట్టునే శాపనార్థాలు పెడుతున్నారు. సినిమాకి పోయినవాడు నవ్వడానికి పోతాడు, జాతరకి పోయినవాడు మొక్కడానికి పోతాడు. మరి వీళ్లు బాధపడ్డానికి డబ్బులిచ్చి వచ్చారా? కుర్రాణ్ణి పట్టేసింది ఆ సంగతే. ఇక్కడేదో నాటకం జరగడం లేదు, వీళ్లకి ఇది నిజంగా ముఖ్యం అనిపించింది. ఆ సాయంత్రానికే వాడు ఆర్సెనల్ మనిషైపోయాడు.

ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ రోజు వేరే మంచి జట్టుని చూసుంటే దానికే అభిమాని అయ్యేవాడు కదా? దీనికి రుజువు ఆయన జీవితంలోనే ఉంది. కొన్ని వారాల తర్వాత నాన్న వాణ్ణి టోటెన్‌హామ్ ఆటకి తీసుకెళ్లాడు. ఆర్సెనల్‌కి పక్క జట్టు, ఆగర్భ శత్రువు. ఆ రోజు టోటెన్‌హామ్ సండర్‌లాండ్‌ని 5–1తో చిత్తు చేసింది. జిమ్మీ గ్రీవ్స్ అనే గొప్ప ఆటగాడు ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. మొదటి ఆటతో పోలిస్తే ఇది పండగ భోజనం. అయినా కుర్రాడి మనసు కదల్లేదు. అప్పటికే వాడిది అక్కడ ముడిపడిపోయింది. చూశారా? గోల్స్ లెక్క చూసి అభిమానం పుట్టేదైతే ఆ రోజు వాడు జట్టు మార్చేసి ఉండాల్సింది.

నాకు అర్థమైనంతవరకు అభిమానం పుట్టేది పక్కన ఎవరున్నారన్న దాన్నిబట్టి. మొదటి ఆటకి ఎవరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు, ఆ రోజు మన మనసు ఎలా ఉంది, ఇవీ అసలు సంగతులు. ఆ తండ్రీ కొడుకులకి ఆర్సెనల్ ఒక మాట్లాడుకునే వస్తువైంది. ఆ గోల్‌కీపరు ఇలా ఎందుకు దూకాడు, వచ్చే శనివారం ఎవరితో ఆట... మాటలు దొరికాయి. మాటలు లేకపోయినా ఫర్వాలేకుండా పోయింది. పక్కపక్కన కూర్చుని ఒకే వైపు చూస్తుంటే, మాట్లాడకపోయినా ఎవరూ తప్పు పట్టరు. చింతచెట్టు కింద ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆ సౌకర్యం ఉండదు.

ఇంకో చిత్రం. ఆ రోజుల్లో ఆర్సెనల్ గెలిచే జట్టేమీ కాదు. 1953లో లీగు గెలిచిన తర్వాత 15 ఏళ్లుగా ఒక్క పెద్ద కప్పూ లేదు. "విసుగు జట్టు" అని దానికి పేరు. అలాంటిదాన్ని తగిలించుకున్న కుర్రాడికి ఆరు నెలలు తిరక్కుండానే పెద్ద పరీక్ష వచ్చింది.

1969 మార్చి 15. వెంబ్లీ మైదానంలో లీగ్ కప్ ఫైనల్. ఆర్సెనల్ మొదటి డివిజన్ జట్టు. ఎదురుగా స్విండన్ టౌన్, మూడో డివిజన్‌ది. అంటే పదో తరగతి జట్టు మీదికి ఎనిమిదో తరగతి జట్టు వచ్చినట్టు. అందరూ ఫలితం ముందే తేల్చేసుకున్నారు. మైదానం బురద. ఆర్సెనల్ ఆటగాళ్లు కొందరు అంతకుముందు జ్వరాల్లో పడి లేచారు. మామూలు సమయం అయ్యేసరికి 1–1. అదనపు సమయంలో డాన్ రోజర్స్ అనే స్విండన్ ఆటగాడు రెండు గోల్స్ కొట్టాడు. 3–1. కుర్రాడు నాన్నతో కలిసి అదంతా కళ్లారా చూశాడు. తర్వాత బళ్లో తోటిపిల్లలు వదులుతారా? ఎద్దు పుండు కాకికి ముద్దు. మన మెస్సులో జరిగిందే అక్కడా జరిగింది. తేడా ఒక్కటే. అక్కడ ఆడినవాణ్ణి కాదు, చూసినవాణ్ణి ఏడిపించారు. తను తన్నని బంతికి, తను వదలని గోల్‌కి వాడు మాటలు పడ్డాడు. "నేనేం చేశాను, ఆడింది వాళ్లు కదా" అని తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. అభిమాని అనే మాటకి నాకు దొరికిన మొదటి అర్థం ఇదే. జట్టుకి పడ్డ దెబ్బలో తన వాటా తీసుకునేవాడు.

తర్వాత రోజులు కొంచెం మారాయి. 1970–71లో ఆర్సెనల్ ఒకే ఏడాది లీగునీ, ఎఫ్.ఏ. కప్పునీ గెలిచింది. ఆ తర్వాత మళ్లీ లీగు గెలవడానికి ఎంతకాలం పట్టిందో కింద చెబుతాను.

నిక్ పెద్దవాడవుతూ సొంతంగా రైలెక్కి హైబరీకి పోవడం నేర్చుకున్నాడు. మొదట బడిపిల్లలకి కేటాయించిన ఆవరణలో నిలబడేవాడు. ఒళ్లు పెరిగాక "నార్త్ బ్యాంక్" అనే మెట్ల వరసకి మారాడు. అప్పట్లో అక్కడ మైదానాల్లో సగం చోట్ల కుర్చీలుండేవి కావు. గోల్ వెనక కాంక్రీటు మెట్ల మీద వేలమంది ఆనుకుని నిలబడి చూసేవాళ్లు. ముందు గుంపు ఊగితే వెనక గుంపు ఊగేది. చిన్న ఊరి నుంచి వచ్చిన కుర్రాడికి ఆ గుంపులో తనూ లండన్ వాణ్ణే అన్న ధైర్యం వచ్చేది.

అవును, ఈ "ఊరి జట్టు" సంగతి కొంచెం ఆగి చూడాలి. హైబరీ నిక్ పుట్టిన ఊరు కాదు, పెరిగిన ఊరూ కాదు. ఆ మాటకొస్తే ఆర్సెనల్‌దీ ఆ ఊరు కాదు! ఆ జట్టు 1886లో పుట్టింది లండన్ ఆగ్నేయాన వూలిచ్‌లో. అక్కడి ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసే కూలీలు పెట్టుకున్న జట్టు. ఆర్సెనల్ అంటే ఆయుధాగారం అనే అర్థం. జనం సరిగా రాక, డబ్బు చాలక, 1913లో థేమ్స్ నది దాటి ఉత్తరాన హైబరీకి మారింది. గోదావరి ఈ ఒడ్డు జట్టు ఆ ఒడ్డుకి కాపురం మార్చినట్టు. దగ్గర్లో ఉన్న టోటెన్‌హామ్ వాళ్లు "మా ఇలాకాలోకి వస్తారా" అని అడ్డం పడ్డారు. ఆ పేచీ ఇప్పటికీ ఉంది. వలసొచ్చిన జట్టు, వలసొచ్చిన అభిమాని. చివరికి నిక్ పెద్దయ్యాక ఏకంగా హైబరీకి నడిచిపోయేంత దగ్గర్లో ఇల్లు తీసుకున్నాడు. మనిషి ఊరిని ఎంచుకుని దానికి ఊరివాడయ్యాడు.

మనలో ఎవరిది ఈ ఊరు? మీరు ఎన్నో గూడేల నుంచి, తండాల నుంచి వచ్చారు. నేను బదిలీ మీద వచ్చాను. అయినా బస్సులో ఎవరైనా "ఆ ఆశ్రమ పాఠశాలా? అదేం బడి!" అంటే మీకు ఒళ్లు మండుతుందా లేదా?

ఈ సందర్భంలో మన మనిషి ఒకామెని చెప్పకుండా ఉండలేను. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య మన దేశ మహిళల జట్టుకి ఆడుతుంది. ఆమె కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి ఆడింది. 2024–25లో ఆ క్లబ్బు ఇండియన్ విమెన్స్ లీగు గెలిచింది. ఆ ఏడాదికి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి బహుమతి సౌమ్యకే వచ్చింది. ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టిన క్లబ్బు. దేశ విభజనప్పుడు తూర్పు బెంగాల్ నుంచి ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి వచ్చిన కుటుంబాలు ఎన్నో దాన్ని తమ ఊరికి బదులుగా చూసుకున్నాయి. ఊరు పోయినవాళ్లు జట్టునే ఊరు చేసుకున్నారు. ఆ జట్టు చొక్కా మన తండా పిల్ల వేసుకుంది. ఎక్కడి బెంగాలు, ఎక్కడి తండా!

మళ్లీ నిక్ దగ్గరికి. 1976లో ఆయన చదువుకోడానికి కేంబ్రిడ్జి వెళ్లాడు. అక్కడికి హైబరీ దూరం. శనివారం ఖాళీగా ఉండలేక ఆ ఊరి జట్టు కేంబ్రిడ్జి యునైటెడ్ ఆటలకి పోవడం మొదలెట్టాడు. అప్పటికి అది నాలుగో డివిజన్ జట్టు. చిన్న మైదానం, కొద్దిమంది జనం. అక్కడ జరిగిన ఒక సంగతి మీకు నచ్చుతుంది. ఒకసారి ఆటకి ముందు స్నేహితుడొకడు చక్కెరతో చేసిన ఎలుక బొమ్మ మిఠాయి కొన్నాడు. తల కొరికాడు. మిగతాది చేజారి రోడ్డు మీద పడితే కారు తొక్కేసింది. ఆ రోజు జట్టు గెలిచింది. ఇంకేముంది, ఆ తర్వాత ఆటలకి ముందు అందరూ చక్కెర ఎలుకలు కొనడం, తలలు కొరకడం, రోడ్డు మీద కార్ల కిందికి విసరడం! యూనివర్సిటీలో చదువుకునే పిల్లలు చేసిన పని ఇది. పరీక్షకి ఒకే పెన్ను పట్టుకెళ్లే మనవాళ్లని ఇక నేను ఏమీ అనను.

అదే కేంబ్రిడ్జి యునైటెడ్ 1983–84లో వరసగా 31 లీగు ఆటలు గెలవకుండా గడిపింది. ముప్ఫై ఒకటి! అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గెలుపన్నదే లేదు. అయినా ఆ మైదానం ఖాళీ కాలేదు. కొద్దిమందే గానీ, వచ్చేవాళ్లు వచ్చారు. ఎనిమిదో తరగతి అబ్బాయీ, మనది ఒక్క ఆటే నాయనా.

ఇంతవరకూ చదివి అభిమానం అంటే బంగారం అనుకోకండి. దాంట్లో మట్టి కూడా ఉంది. ఆ మట్టిని నిక్ దాచుకోలేదు, అందుకే ఆయన పుస్తకం నాకు నచ్చింది. కేంబ్రిడ్జిలో ఒకరోజు ఆట చివరికొచ్చింది, గెలిస్తే పై డివిజన్‌కి పోతారు. ఆ ఒత్తిడికి పక్కనున్న స్నేహితురాలు స్పృహ తప్పి పడిపోయింది. నిక్ ఏం చేశాడు? ఆమెని బయటికి తీసుకెళ్లే పని ఇంకొకరికి వదిలేసి, కళ్లు మైదానం మీదే పెట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత తన మీద తనకే సిగ్గేసిందని రాసుకున్నాడు. పెళ్లిళ్లూ, పుట్టినరోజులూ కూడా మ్యాచి తేదీలు చూసే పెట్టుకోవాలనేవాడు. మనసు బాగాలేని రోజుల్లో ఆట చాటున దాక్కున్నాడు. జట్టు ఓడితే రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడకపోవడం మంచి లక్షణమని నేను చెప్పను. అది ఒక రకం జ్వరం. ఆయన పుస్తకానికి పెట్టుకున్న పేరులోనే జ్వరం ఉంది.

అంతకన్నా పెద్ద చెడు ఒకటుంది. అది రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలో, హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్. లివర్‌పూల్ అభిమానులు నిలబడి చూసే మెట్ల వైపు 10,100 టిక్కెట్లు ఇచ్చారు. వాళ్లందరూ లోపలికి పోవడానికి తిరుగుడు గేట్లు ఏడే ఏడు. బయట జనం పేరుకుపోయారు. తోపులాట చూసి పోలీసులు పక్క గేటు తెరిచారు. రెండు వేల మందికి పైగా ఒక్కసారి లోపలికొచ్చారు. ఎటు పోవాలో చెప్పేవాళ్లు లేరు. ఎదురుగా కనపడ్డ సొరంగం దారిన నేరుగా మధ్య దొడ్ల లోకి పోయారు. అవి అప్పటికే నిండున్నాయి. ముందు ఇనుప కంచె. అల్లరి మూకలు మైదానంలోకి రాకుండా కట్టిన కంచె అది. వెనకనుంచి జనం వస్తూనే ఉన్నారు, ముందువాళ్లకి ఊపిరి లేదు. మూడు గంటలకి ఆట మొదలైంది. ఆరు నిమిషాలకి ఆపారు. మొత్తం 97 మంది చనిపోయారు. అందరికన్నా చిన్నవాడికి పదేళ్లు. ఆ గాయాలతో చివరిగా ప్రాణం పోయిన మనిషి 2021లో పోయాడు.

"తాగొచ్చి తోసుకున్నారు, తప్పు అభిమానులదే" అని అప్పుడు ప్రచారం చేశారు. చనిపోయినవాళ్ల తల్లిదండ్రులు దాన్ని ఒప్పుకోలేదు. 27 ఏళ్లు తిరిగారు. 2016లో జ్యూరీ తేల్చి చెప్పింది. అభిమానుల తప్పు లేదు, వాళ్లని చట్టవిరుద్ధంగా చావుకి గురిచేశారు అని. మేడారం జాతరలో తోపులాట చూసినవాళ్లు మీలో ఉన్నారు. గుంపులో ఉన్నప్పుడు వెనకవాడికి ముందువాడి ఊపిరి కనపడదు. వెనకనున్నవాడు మంచివాడే అయినా కనపడదు. ఆ తర్వాత 1990లో టేలర్ అనే న్యాయమూర్తి ఇచ్చిన నివేదికతో ఇంగ్లండు పెద్ద మైదానాల్లో కంచెలు పోయాయి, నిలబడే మెట్లు పోయి కుర్చీలొచ్చాయి. నిక్ నిలబడ్డ నార్త్ బ్యాంక్ కూడా 1992లో కూలగొట్టారు. దాని మీద బెంగ ఉన్నా, ప్రాణాలకన్నా బెంగ ఎక్కువ కాదు.

ఆ దుర్ఘటన వల్ల లివర్‌పూల్ ఆటలు కొన్ని వాయిదా పడ్డాయి. అందువల్లే ఆ ఏడాది లీగులో చిట్టచివరి ఆట లివర్‌పూల్‌కీ, ఆర్సెనల్‌కీ మధ్య మిగిలింది. 1989 మే 26, లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్. ఇక్కడ లెక్కల సార్‌ని కూడా పిలుస్తున్నాను. ఆటకి ముందు లివర్‌పూల్‌కి 76 పాయింట్లు, ఆర్సెనల్‌కి 73. గెలిస్తే 3 పాయింట్లు. సమానమైతే, కొట్టిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేసి చూస్తారు. లివర్‌పూల్ 65 కొట్టి 26 తిన్నది. ఆర్సెనల్ 71 కొట్టి 36 తిన్నది. ఆర్సెనల్ ఎన్ని గోల్స్ తేడాతో గెలవాలి? 1–0 అయితే చాలదు, చేసి చూడండి. 2–0 అయితే రెంటికీ తేడా 37 చొప్పున సమానం. అప్పుడు ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లది లీగు. 73 పెద్దదా, 65 పెద్దదా? కానీ ఆన్‌ఫీల్డ్‌లో ఆర్సెనల్ గెలిచి అప్పటికి 15 ఏళ్లయింది.

నిక్ ఆ ఆటకి వెళ్లలేదు. ఇన్నేళ్లు ఎండా వానా పడి తిరిగినవాడు, ఆ రోజు లండన్‌లో స్నేహితులతో టీవీ ముందు కూర్చున్నాడు. సగం సమయానికి 0–0. తర్వాత అలన్ స్మిత్ తలతో ఒకటి వేశాడు. 90 నిమిషాలు దాటిపోయాయి, ఇంకా 1–0యే. అయిపోయిందనుకున్న క్షణంలో మైకేల్ థామస్ అనే కుర్రాడు బంతి తీసుకుని ముందుకెళ్లి, గోల్‌కీపరు పడేదాకా ఆగి, పైనుంచి లోపలికి లేపాడు. 2–0. 18 ఏళ్ల తర్వాత లీగు! 14 ఏళ్ల పిల్లాడిగా చూసిన లీగుని మళ్లీ చూసేసరికి నిక్‌కి 32 ఏళ్లు. ఇంట్లోంచి వీధిలోకి పరుగెత్తాడు. అంత ఆనందం ఉద్యోగంలో గానీ, ఇంకెక్కడ గానీ తనకి దొరకలేదని తర్వాత వాదించాడు. నాకు మొదట్లో అది అతిగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, స్విండన్ రోజు లేనివాడికి ఆన్‌ఫీల్డ్ రోజు కూడా లేదు కదా. ఆ రాత్రి కొత్తగా ఆర్సెనల్ జెండా కొన్నవాడూ గంతులేసి ఉంటాడు, కానీ వాడికి పోయినవి 18 ఏళ్లు కావు.

హైబరీలో చివరి ఆట 2006 మే 7న జరిగింది. ఆర్సెనల్ దగ్గర్లోనే 60 వేల మంది పట్టే కొత్త మైదానానికి మారింది. పాత మైదానం చుట్టూ ఇళ్లు కట్టారు. ఆట ఆడిన గడ్డి ఉన్నచోట ఇప్పుడు తోట ఉంది. తూర్పు వైపు పాత గోడని మాత్రం కూలగొట్టకుండా ఉంచారు.

ఎనిమిదో తరగతి అబ్బాయీ, నీ ప్రశ్నకి ఇది జవాబో కాదో నువ్వే చూసుకో. వచ్చే ఆదివారం సాయంత్రం 4 గంటలకి మన జట్టు పక్క మండలం ఆశ్రమ పాఠశాలతో ఆడుతుంది. మన మైదానంలోనే. వాళ్లు పోయిన నెల మన మీద గెలిచినవాళ్లే. ఆ రోజు నాన్నలు వచ్చేవాళ్లు ఉంటారు కదా, వాళ్లనీ చింతచెట్టు కింద వదిలెయ్యకుండా తీసుకురండి. బస్సు 6 గంటలకి గానీ లేదు. గోల్ వెనక ఎవరూ గుంపుగా తోసుకోకూడదు, చిన్నపిల్లలు తాడు దగ్గర ముందు కూర్చోవాలి. నేను బావి వైపు నిలబడతాను.

— మీ ఇంగ్లీషు సార్